పోనాది

ఆ వేలు పిట్టది కాదు.

అద్దాల పెట్టె మీదికి ఇంకా వంగాను. నా ఊపిరికి అద్దం మసకబారింది, కొంగుతో తుడిచి మళ్లీ చూశాను. కాదు, పిట్టది కాదు. చుట్టూ ఉన్నవి పిట్టవే, పెద్ద పెద్ద కాళ్ల ఎముకలు, ఎండిన చెరుకు పిప్పి రంగులో ఉన్నాయి, వాటి పక్కన కొంకిలా వంగిన ముక్కు, పక్కటెముకలు, వీటన్నిటి మధ్య ఎర్ర మఖమల్ గుడ్డ మీద విడిగా, గొప్పగా, నా చిటికెన వేలి కణుపంత ఎముక ఒకటి. దానికో వెండి చుట్టు. చుట్టులో బురద ఎండి రాయిలా బిగిసిపోయింది, ఎముకని వదల్లేదు. చుట్టు మీద చేప. చేపకి తోక సగమే ఉంది. ఆ సగం తోకని నేను చిన్నప్పుడు ఎన్నిసార్లు తడిమానో, అక్క కాళ్ల దగ్గర పడుకుని, నిద్ర పట్టేదాకా, బొటనవేలితో ఆ గరుకు అంచుని రుద్దుతూ, చాల్లేవే గౌరీ, చక్కిలిగింతలు పెడుతున్నాయి అని అక్క కాలు లాక్కునేదాకా. ఆ కాలు ఇక్కడుంది. కాలు కాదు, కాలిలో ఇంత ముక్క. మా అక్క వెంకమ్మ నావికుడితో లేచిపోయి పదేళ్లయిందని ఈ దీవిలో ఫ్లాక్ నుంచి ప్లేన్ మాన్యెన్ దాకా మా వాళ్లందరికీ తెలుసు. ఏ ఓడలోనో, ఏ రేవులోనో, ఎర్ర పరికిణీ కట్టుకుని నవ్వుతూ ఉంటుందని నేను కూడా అనుకునేదాన్ని. అక్క ఎక్కడికీ వెళ్లలేదు. పోర్ట్ లూయీలో ఎముకల దొర ఇంట్లో, పిట్ట వేలు అనే పేరు పెట్టుకుని, ఆదివారాలు జనానికి కనిపిస్తోంది.

తల ఎత్తాను. కిటికీ చెక్కల సందుల్లోంచి ఎదురుగా తోట, తోటలో బల్ల, బల్ల మీద మా బావ అప్పలస్వామి. గొడుగు మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, రెండు చేతులూ పిడి మీద వేసి, ఈ ఇంటి గుమ్మం వైపే చూస్తున్నాడు. బావ అంటే అక్క మొగుడు. ఇప్పుడు నా మొగుడు. అక్కని కట్టుకున్నప్పుడూ బావే, నన్ను కట్టుకున్నాకా బావే, పిలుపు మార్చుకునే పని పడలేదు నాకు. అతనికి ఈ వేలి సంగతి తెలుసా? ఇది ఆ బురదలోకి ఎలా వెళ్లిందో తెలుసా? తెలియకపోతే, పాపం, నాతోపాటు అతనూ ఏడవాలి. తెలిసి ఉంటే మాత్రం ఈ సాయంత్రం అమ్మ ఊరెళ్లే రైల్లో అతని పక్కన కూర్చుంటే, నేనూ ఇలాగే ఏదో ఒక గుడ్డ మీద ఎండుతాను. సాయంత్రం రైలు లోపల తేల్చుకోవాలి. ఈ ఇంటికి గుమ్మం ఒకటే కనిపిస్తోంది, దాని ఎదురుగా అతను.

అతను లోపలికి రాడు. అప్పన్న దీక్షలో ఉన్నాడు, మెడలో తులసి దండ, రాబోయే శనివారం గుళ్లో భజన అతనే పట్టించాలి, ఎముకలు చూస్తే మైల. ‘నువ్వెళ్లి సూసిరా ఒలే, నాను బయట కూకుంటాను, నీ సరదా నానెందుకు కాదనాల?’ అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడు! ఈ మూడు వారాలుగా అంతా మెత్తనే.

‘ఏటమ్మీ, అలా అతుక్కుపోనావు? అందరూ పెద్ద పిట్టని సూస్తారు, నువ్వు దాని గోరు సూస్తన్నావు’ అన్నాడు వెనక నుంచి గోపాలు మావయ్య. ఈ ఇంటి కాపలా ముసలాయన. లోపల అడుగుపెట్టగానే నా కట్టూ బొట్టూ చూసి, మీరు తెలుగోళ్లా, మాది వకోవా ఊరు అని మురిసిపోయి, నోట్లో పళ్లు లేకపోయినా మాట ఆపకుండా ఒక్కో గదీ తిప్పాడు. ఎముకల దొర కథ కూడా అతనే చెప్పాడు. ప్లేన్ మాన్యెన్ అవతల చిత్తడి నేలలో, ‘లామార్’లో, ఎప్పుడో అంతరించిపోయిన దోదో పిట్ట ఎముకలు దొరుకుతాయని, దొర కూలీలని నడుంలోతు బురదలో దింపి కాళ్లతో వెతికించేవాడని, చేతులకంటే కాళ్లకే ఎముక బాగా తగులుతుందని, ఏరినవన్నీ తన ఇంట్లో పెట్టి జనానికి చూపించేవాడని, చచ్చిపోయాక కూడా దొరసాని ఫ్రాన్సు నుంచి జీతం పంపిస్తోందని. కాళ్లతో వెతకడం నాకు కొత్త కాదు. బావ కుర్రతనంలో ఆ పని చేశాడు. పెళ్లయిన కొత్తల్లో అక్క ముందు గొప్పలు పోయేవాడు, బురదలో ఎక్కడ లోతో, ఎక్కడ అడుగు దొరకదో నా అరికాళ్లకి తెలుసు ఎంకీ, అని. ఎక్కడ అడుగు దొరకదో. ఇప్పుడు గుర్తొస్తోంది ఈ మాట. ఇన్నాళ్లూ ఎక్కడుంది?

‘మావయ్యా, ఈ చిన్నది ఏటి?’ అన్నాను.

‘అదా! దొరకి దానంటే పేనం. ఆఖరి తవ్వకంలో దొరికింది, ఆయన పోడానికి ముందేడు. దోదో కాలివేలంట. ఎనకటికి హాలెండోళ్లు ఈ దీవికొచ్చినప్పుడు పిట్టని మచ్చిక చేసి కాలికి ఉంగరం తొడిగినారంట, మనం కోడికి గుడ్డపీలిక కట్టమూ, అలాగ. ఆ రేత్రి దొర మాకందరికీ రమ్ము పోసినాడు.’ గోపాలు మావయ్య గొంతు తగ్గించి నవ్వాడు. ‘కాళ్లు రెండూ పేర్చి సూత్తే ఒక ముక్క మిగిలిపోయింది. ఈ పిట్టకి ఇన్ని వేళ్లేటి ముసియే, దొరా, అన్నాను. నీకేటి తెలుసు నోర్ముయ్యి అన్నాడు. మూసీసేను.’

నేనూ నవ్వాను. నవ్వు వచ్చింది, నిజంగానే. కోడికి గుడ్డపీలిక. మా అక్క నా నెత్తిన కొంగు కప్పి, ఎత్తుకుని, చెరుకు తోటల గట్టు మీద నడిచేది, మెట్టెలు రాళ్లకి తగిలి టిక్కు టిక్కుమనేవి. అమ్మ తన కాళ్లనుంచి తీసి అక్కకి పెట్టిన మెట్టెలు అవి, నాన్న బతికుండగానే, పసుపు నీళ్లతో కడిగి. కోరంగి రేవులో ఓడెక్కినప్పుడు అమ్మ పోలమ్మ ఒంటి మీదున్న వెండి అంతా ఆ రెండు చేపలే. ఓడ దిగి ఇక్కడి రేవు మెట్లెక్కుతుంటే వెనకవాళ్లు తోశారు, అమ్మ కాలు రాతిమెట్టుకీ పడవ అంచుకీ మధ్య పడింది, చేప తోక సగం విరిగి నీళ్లలోకి పోయింది. ఈ దేశం ముందు నా సేప తోక తినేసింది అనేది అమ్మ, ఆ తరువాత మీ నాన్నని తినేసింది. ఈ ఉదయమే ఆ మెట్లు చూశాను. బావే చూపించాడు. ఇప్పుడు ఆ రేవులో కూలీలు దిగడం లేదు, నాచు పట్టి జారుతున్నాయి, కింద మెట్టు మీద పచ్చటి నీళ్లు కొట్టుకుంటున్నాయి. ఏ మెట్టో అని ఒక్కోదాని మీద కాలు పెట్టి చూస్తుంటే, ‘ఇంకా కిందికి దిగు, ఆ చివరిదై ఉంటాది’ అన్నాడు పైనుంచి. దిగాను. అంతలో పంచదార బస్తాల బండి వచ్చి మా వెనక ఆగింది, బండివాడు కంచరగాడిదని తిడుతూ దిగాడు. బావ ‘సాల్లే, పైకి రా’ అన్నాడు. అంతకు ముందు కొండమీది కోట దగ్గరా అంతే. గోడవారనుంచి చూడు, ఊరంతా కనపడతాది, ఇంకాస్త ముందుకి. ఊరు కనపడింది, తాటిచెట్ల వరస, ఓడల కొయ్యలు, దూరంగా మనిషి తల మోస్తున్నట్టుండే కొండ. ఒక క్రియోల్ జంట బుట్టలో తిండి పట్టుకుని నవ్వుకుంటూ వచ్చి మా పక్కనే గడ్డి మీద కూర్చున్నారు. ‘సాల్లే, రా.’ అదే మాట. సరదాగా తిప్పుతున్నాడనుకున్నాను. రెండు చోట్లా ఎవరో ఒకరు రావడం నా అదృష్టమేమో అని ఇప్పుడనిపిస్తోంది. లేక ఇదంతా ఈ గదిలో కూర్చుని నేను అల్లుతున్నానా? ఎముకల మధ్య నిలబడితే ఎవరికైనా ఇలాంటివే తోస్తాయా?

కాళ్ల వైపు చూసుకున్నాను. నా మెట్టెలు. రెండు చేపలు, రెండిటికీ తోకలు నిండుగా, నున్నగా. బావ తెచ్చి పెట్టినవి. పట్నంలో బస చేసిన ఇంటి గుమ్మంలో అక్క తీసి పెట్టిపోయిన మెట్టెలు ఇవేనని, విరిగిన తోక ఫ్లాక్ కంసాలి చేత అతికించానని చెప్పి, పెళ్లి పీటల మీద నా వేళ్లకి తొడిగాడు. అక్క మెట్టె అక్కడ అద్దంలో ఉంటే, నా కాళ్లకి ఉన్నవి ఎవరివి? అతికిస్తే గీత కనపడాలి కదా. ఇన్నేళ్లు స్నానం చేస్తూ, కాళ్లు రుద్దుకుంటూ, గీత కోసం ఒక్కసారైనా చూడలేదు. అమ్మ చూసింది. పెళ్లినాడు నా కాళ్ల దగ్గర కూర్చుని, వేలితో తోక తడిమి, ఇయి నావి కావు అంది. గట్టిగానే అంది. చూపు మందగించిందమ్మా నీకు, అన్నారు ఆడవాళ్లు, పక్కకి తీసుకెళ్లి పాలు తాగించారు.

అమ్మ మాట ఎవరూ వినకపోవడం అప్పటికే అలవాటైంది. అంతకు ఏడాది ముందు, ఆ సాయంత్రం దగ్గర మొదలైంది అది. బావ అక్కని పట్నం చూపిస్తానని తీసుకెళ్లాడు, శనివారం వెళ్లి, కోటా రేవూ తిప్పి, ఆదివారం సాయంత్రం రైల్లో ప్లేన్ మాన్యెన్‌లో మా అమ్మ ఇంటికి తెస్తానని. చీకటి పడ్డాక ఒక్కడే వచ్చాడు. మోకాళ్ల దాకా తడి. వాకిట్లో నిలబడి, ‘ఎంకి పోనాది’ అన్నాడు. అని, కళ్లు మూసుకుని, ‘గోవింద’ అన్నాడు. అంతే, అమ్మ చేతిలో చేట జారిపోయింది. ఏడుపు మొదలుపెట్టింది, మామూలు ఏడుపు కాదు, చావు ఏడుపు, పేరు పెట్టి, రాగం తీసి, గుండెల మీద కొట్టుకుంటూ. ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చారు. అప్పుడు బావ, అయ్యో అత్తా, సావలేదు, ఎల్లిపోనాది, రేవులో బాతో మనిషితో, ఓడ నావికుడితో ఎల్లిపోనాది, మెట్టెలు తీసీసి మాయమైపోనాది అని ఏడుస్తూ చెప్పాడు. అందరూ ఊపిరి పీల్చుకుని, తరువాత అక్కని తిట్టి, ఆ తరువాత నవ్వుకున్నారు. పాపం పోలమ్మ, కన్నకూతురు లేచిపోతే సచ్చిపోయిందని ఏడిసింది! పాత దేశం మనిషి, ఒక మాటకి ఇంకో మాట అనుకుంది. అమ్మ మాత్రం మొండికేసింది. మా ఊళ్లో, బతికున్న మనిషి పోతే ఎల్లిపోనాది అంటారు. ఒట్టి పోనాది అంటే పోనాదే. దాని మీద గోవింద కూడా అన్నాడు. ఊరెళ్లినోళ్లకి గోవింద ఎవడంటాడు? శవం లేసినప్పుడు అంటారు, సావు కబురు ఇన్నప్పుడు అంటారు. ఈ దీవిలో పుట్టిన మాకు ఆ తేడా ఎక్కడిది? మాకు వచ్చిన నాలుగు తెలుగు మాటల్లో రైలు పోనాది, వాన పోనాది, మేక పోనాది, అన్నీ పోనాదే. భజన గురువు కదా, నోటెంట గోవింద రావడం అలవాటు అన్నారు పెద్దలు. కానీ ఆ తరువాత ఇన్నేళ్ల కాపురంలో విన్నాను కదా అతని గోవింద. గొంతెత్తి పాడే గోవింద వేరు. చావు కబురు వచ్చినప్పుడు కళ్లు మూసుకుని, కిందికి, ఊపిరితో పాటు వదిలే గోవింద వేరు. పట్నంలో ఉండే మా చుట్టం నారాయణ మావ తల్లి పోయినప్పుడు విన్నాను. గాలివానలో కొట్టుకుపోయిన కుర్రాడి కబురొచ్చినప్పుడు విన్నాను. ఎవరైనా ఊరికెళ్లారంటే ఎక్కడికి అంటాడు, గోవింద అనడు. ఒక్కసారి కూడా అనలేదు.

ఎందుకు చంపుతాడు? అక్కని ఎంత బాగా చూసుకునేవాడు! ఈ ప్రశ్న దగ్గర ఆగిపోవాలని చూశాను, అద్దం మీద వేళ్లు పెట్టి, చల్లగా ఉంది, ఆగిపోతే అతను మంచివాడవుతాడు, నేను బయటికి వెళ్లి గొడుగు నీడలో నడవొచ్చు. కానీ బుర్ర ఆగలేదు. ఫ్లాక్‌లో మంత్రసాని జీన్ గది. కర్పూరం, కిరసనాయిలు వాసన. నా పొట్ట మీద ఆమె నల్లటి వెచ్చటి చేతులు. నీలో ఏ లోటూ లేదు గౌరీ, ఈసారి మీ ముసియేని, మీ ఆయన్ని, రమ్మను. అంతలో ఆమె ఆగి, మీ అక్కకీ ఇదే చెప్పాను, ఆమె మళ్లీ రానే లేదు, అంది. ఆ రాత్రి అన్నం పెడుతూ చెప్పాను బావకి, ‘లోటు నాలో నేదంట బావా.’ మంచి కబురు చెబుతున్నాననుకున్నాను. బావ చెయ్యి కంచంలో ఆగింది. అతనికి ముందు ఐదు తరాలు భజన పట్టించిన ఇల్లు అది, తరువాత ఎవరు పడతారని గుళ్లో అడిగితే నా వైపు చూపించేవాడు, ఏం చెయ్యను, గొడ్డుబోయింది, అప్పన్న దయ అని. అక్క ఉన్నప్పుడు అక్క వైపు చూపించేవాడు. వేరే ఎవరితో అయినా చెప్పినావా, అన్నాడు. లేదన్నాను. నీళ్లు తాగాడు. మర్నాటి నుంచి మెత్తబడ్డాడు. మల్లెపూలు తెచ్చాడు. వారం గడిచాక పట్నం చూపిస్తానన్నాడు. మురిసిపోయాను నేను. మొదటిసారి చీర మడతల్లో గంధపు చెక్క పెట్టుకున్నాను.

అక్క కూడా అలాగే మురిసిపోయింది. నాకు పదహారేళ్లప్పుడు. బావి దగ్గర బట్టలు పిండుతూ చెవిలో చెప్పింది, ఒసే గౌరీ, నాలో ఏటీ నేదంట, ఆడికి సెప్పీసేను, కోపం వస్తాదనుకున్నాను, పట్నం తీసికెళతానంటున్నాడు, చూడు. చూడు అంది. ఆ నవ్వు చూశాను, ఆ మాట వినలేదు.

ఇంకా ఏముంది? రైలు టికెట్టు. నిన్న ఫ్లాక్‌లో అతనే కొన్నాడు. పోర్ట్ లూయీ గేటు దగ్గర టికెట్ల మనిషి బావ టికెట్టు సగం చింపి సగం తిరిగిచ్చాడు, నాది మొత్తం తీసేసుకున్నాడు. నాదేది బావా, తిరిగెళ్లేది? అక్కడ కొంటాంలే, అన్నాడు. అమ్మ దగ్గర నన్ను కొన్నాళ్లు వదులుతాడేమో అని లోపల సంతోషపడ్డాను. దక్షిణం వైపు రైలు మధ్యాహ్నం ఒకటుంది, వెలుతురుండగానే దిగిపోతాం, అమ్మకి వంటలో సాయం చేస్తాను అంటే, వద్దు, సాయంత్రం రైలే, ఎండ తగ్గాలి అన్నాడు. స్టేషన్ నుంచి అమ్మ ఇంటికి చెరుకు తోట చుట్టూ తిరిగి వెళ్లాలి. అడ్డదారి లామార్ గట్టు మీద. ‘అడ్డదారిన పోదాం, నాకు తెలుసు కదా’ అన్నాడు నిన్న రాత్రి నారాయణ మావ ఇంట్లో, చాప మీద, నా జడ సర్దుతూ.

గొడుగు చప్పుడు. సందులోంచి చూశాను. లేచాడు. తోట గేటుదాకా వచ్చి, రోడ్డు మీద గాటో పిమాన్, అదే కారం వడలు, అమ్మే ఆమె దగ్గర ఆగి, రెండు పొట్లాలు కొన్నాడు. ఒకటి నాకే. నాకు కారం ఇష్టమని తెలుసు. ఈ మనిషి నన్ను చంపుతాడా? చంపబోయేవాడు కారం పొట్లం కొంటాడా? కొంటాడేమో. నవ్వుతూ అందిస్తాడేమో, సగం నేను తినేదాకా ఆగుతాడేమో. అక్కకి ఏం కొన్నాడు? నేను పిచ్చిదాన్నవుతున్నాను. మా అమ్మలాగా. అమ్మ పిచ్చిది కాదు. అమ్మ రెండు మాటలన్నది, నా మెట్టెలు తనవి కావని, ఆ గోవింద చావుకి అన్నదని, ఒకటి ఇప్పుడు నా ముందే ఉంది అద్దంలో, రెండోది తేలాలి. ఒకవేళ నావికుడే అక్కని చంపి పారేశాడేమో. పోర్ట్ లూయీ నుంచి అంత దూరం తెచ్చి, అమ్మ ఇంటి వెనక బురదలోనా? అయినా. ఒక్క గింజంత అనుమానం. మనిషి మీద హత్య మోపడానికి ముందు ఆ గింజ కూడా నలగాలి. అక్క కోసం కాదు, నా కోసం, రేపటి నుంచి నేను నిద్రపోవాలి కదా.

‘మావయ్యా’ అన్నాను. ‘ఈ పెట్టె తాళం నీ దగ్గరుందా?’

‘ఎందుకమ్మీ?’

నేను నేల మీద కూర్చుని కాళ్లు చాపాను. ఆయన ముందు నా చేపలు చూశాడు, తరువాత అద్దంలోకి చూశాడు, మళ్లీ నా కాళ్లు చూశాడు. ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. నాకు చెప్పే పని పడలేదు, అయినా చెప్పాను, ‘అది మా అక్క వేలు.’

‘రామ రామ’ అన్నాడు. గోడకి చెయ్యి ఆనించాడు. ‘వారం వారం తుడిసేను గదే తల్లీ దాన్ని. మెరిసీలాగ తుడిసేను.’ ‘బయట గొడుగాయన?’ అని అడిగాడు.

‘మా అక్క మొగుడు. నా మొగుడు.’

ఆయన కిటికీ వైపు వెళ్లలేదు. కళ్లతో మాత్రం అటు చూసి, మొలతాడుకున్న తాళాలగుత్తి తీశాడు. తాళం రెండుసార్లు జారింది. మఖమల్ గుడ్డతో సహా నా దోసిట్లో పెట్టాడు. ఏ బరువూ లేదు. మెంతి గింజలంత బరువు. నేను దాన్ని కొంగున మూటకట్టి రొండిన దోపుకున్నాను. తరువాత నా మెట్టెలు తీశాను. వాచిన వేళ్లు, రావు, ఉమ్మి రాసి తిప్పాను, చర్మం గీసుకుంది, వచ్చాయి. మొగుడు బతికుండగా మెట్టెలు తీసిన ఆడదాన్ని మా వాళ్లు ఏమంటారో తెలుసు. అనుకోనీ. వేళ్ల చుట్టూ తెల్లటి చారలు మిగిలాయి, ఎండ తగలని చోటు.

‘ఇవి ఆయనకిచ్చి ఒక్క మాట సెప్పు మావయ్యా. ఏటి అడిగినా అదే మాట. పోనాది అను.’

‘ఎల్లిపోనాది అనమంటావా?’

వకోవా మనిషి, పాత దేశం మాట మరిచిపోని ముసలాయన, ఆయనకి తేడా తెలుసు.

‘కాదు. ఒట్టి పోనాది.’

ఆయన మెట్టెలు అందుకున్నాడు. వెనక వాకిలి చూపించాడు, కూలీలు ఎముకలు కడిగే రాతి తొట్టెలున్న పెరడు, మూలన చిన్న తలుపు, తలుపు బయట సందు, సందు చివర స్టేషన్ వైపు రోడ్డు. ‘మజ్జాన్నం రైలు దొరుకుతాది, బేగి పో’ అన్నాడు. నేను పోలేదు. గోడ పక్కన ఖాళీ తొట్టె దగ్గర నిలబడిపోయాను, ముందు గుమ్మం నుంచి వచ్చే మాట ఇక్కడికి వినపడుతుంది. ఎక్కడికి అని అడిగితే చాలు. ఎక్కడికి పోనాది, ఏ దారిన పోనాది, నా పెళ్లాం ఏదిరా అని అరిస్తే చాలు, తిరిగి ఆ గుమ్మంలోకే వెళ్లి, అతని కాళ్ల ముందు ఈ మూట విప్పి, బావా ఇదిగో అక్క, ఇద్దరం కలిసి ఏడుద్దాం అంటాను. వినాలి. తొట్టె అంచు నాచు వాసన. రేవు మెట్ల వాసన. మూటలో వేలు నా నడుముకి గుచ్చుకుంటోంది, గరుకు అంచు, సగం తోక, చాల్లేవే గౌరీ.

గొడుగు మొన రాళ్ల మీద. ఒక్కో అడుగు. గుమ్మం దగ్గర ఆగింది. లోపలికి రాడు, మైల.

‘ఏటి ముసలాయనా, మాయావిడింకా పిట్టల్తో కబుర్లాడతందా?’ అన్నాడు. నవ్వుతున్నాడు. కారం పొట్లాల కాయితం చప్పుడు.

మెట్టెలు అరచేతిలో పడిన చిన్న చప్పుడు.

‘పోనాది బాబూ’ అన్నాడు గోపాలు మావయ్య.

కాకి అరిచింది. స్టేషన్ వైపు ఇంజను ఆవిరి వదిలింది. ఎక్కడికి, అను బావా. ఎక్కడికి, ఒక్క మాట. నోరు తెరుచుకుని, నా పెదాలతోనే ఆ మాట అంటూ నిలబడ్డాను, అతని నోట్లో పెట్టాలన్నట్టు.

అతను కళ్లు మూసుకుని ఉంటాడు. నాకు కనపడలేదు, కానీ తెలుసు, గొంతు కిందికి దిగింది, ఊపిరితో పాటు.

‘గోవింద’ అన్నాడు.

అలవాటుగా. మెత్తగా.

చిన్న తలుపు గడియ తీశాను. సందులో ఎండ కళ్లలో కొట్టింది. మూట చేత్తో అదిమి పట్టుకుని, బోసి వేళ్లతో, రాళ్ల మీద ఏ చప్పుడూ లేకుండా పరిగెత్తాను. వెలుతురుండగానే ఇల్లు చేరాలి. అమ్మ వాకిట్లోనే కూర్చుని ఉంటుంది. చేట కింద పెట్టమ్మా అని చెప్పాలి ముందు. తరువాత ఏడవమనాలి, పేరు పెట్టి, రాగం తీసి, ఊరంతా వినేలా, ఈసారి ఎవరూ ఆపకుండా.